ప్రోగ్రామర్ల టెక్స్ట్ ఎడిటర్లు

అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా, ఏ అలంకారమూ చేర్చకుండా ఫైలులో దాచే సాఫ్ట్‌వేర్ టెక్స్ట్ ఎడిటర్. వర్డ్‌లో టైపు చేసిన ఉత్తరంలో మనం రాసిన మాటలతో పాటు ఫాంటు, సైజు, మార్జిను వంటి సంగతులెన్నో దాగి ఉంటాయి. కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరుకు అవేవీ అక్కర్లేదు, ఉంటే ఊరుకోదు కూడా. సీ భాష ల్యాబ్‌లలో తరచూ కనబడే ముచ్చట ఒకటుంది. విద్యార్థి పీడీఎఫ్ నోట్సులోంచి ప్రింట్ఎఫ్ వరుసను కాపీ చేసి అతికిస్తాడు. కంటికి అంతా సవ్యంగానే ఉంటుంది, కంపైలరు మాత్రం ససేమిరా అంటుంది. నోట్సు తయారుచేసిన వర్డ్ ప్రాసెసరు నిటారు కొటేషన్ గుర్తులను అందం కోసం వంకర గుర్తులుగా మార్చేసింది. సీ భాషకు వంకర గుర్తు తెలియదు. పక్క సిస్టం ముందున్న అబ్బాయి వచ్చి ఆ రెండు గుర్తులు చెరిపి మళ్లీ కొట్టాక ప్రోగ్రాం నడుస్తుంది.

కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ మంచిదన్న పేచీ దశాబ్దాల నాటిది. నోట్‌ప్యాడ్‌తోనూ ప్రోగ్రాం రాయొచ్చు. కానీ ప్రోగ్రామరు రోజంతా చేసేది రాయడం కన్నా చదవడం, వెతకడం, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు గెంతడం, ఉన్నదాన్ని దిద్దడం. ఎడిటర్ల మధ్య తేడాలన్నీ అక్కడ పుట్టినవే. ఒకప్పుడు ఏ ఎడిటర్‌కు ఏ భాష బాగా తెలుసన్నది పెద్ద తేడాగా ఉండేది. 2016 తర్వాత అది చాలావరకు చెరిగిపోయింది. ఇప్పుడు ఎంపికను తేల్చేవి పని జరిగే యంత్రం, చేతికి పడిన అలవాటు.

కాగితం మీద నుంచి తెర మీదికి

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం రాసిన ఎడిటర్ పేరు ‘ఎడ్’. బర్క్‌లీలో పుట్టిన క్యూఈడీ అనే ఎడిటర్ దానికి మాతృక. అప్పట్లో కంప్యూటరు ముందు కూర్చోవడమంటే చాలావరకు టెలిటైప్ ముందు కూర్చోవడమే. మనం కొట్టినదీ, యంత్రం బదులు చెప్పినదీ రెండూ కాగితపు చుట్ట మీద అచ్చవుతాయి. ఫైలు మొత్తం కళ్ల ముందు ఉండదు. పదో వరుస చూపించు, అందులో ఈ మాట తీసి ఆ మాట పెట్టు, మళ్లీ చూపించు అని అడిగి అడిగి దిద్దుకోవాలి. అందుకే వీటిని లైన్ ఎడిటర్లన్నారు. అక్షరం అచ్చవడానికి కాలమూ కాగితమూ ఖర్చు కాబట్టి ఎడ్ పరమ పిసినారి. తప్పు చేస్తే ఒక ప్రశ్నార్థకం అచ్చువేసి ఊరుకుంటుంది, ఏం తప్పో మనమే ఊహించుకోవాలి. ఫైలంతా వెతికి ఫలానా నమూనా ఉన్న వరుసలు అచ్చువెయ్యమనే దాని ఆజ్ఞను జి, ఆర్‌ఈ, పి అని కుదించి రాసేవారు. గ్రెప్ అనే పనిముట్టుకు ఆ పేరు అలా వచ్చింది.

తెర ఉన్న టెర్మినళ్లు వచ్చాక లండన్ క్వీన్ మేరీ కాలేజీలో జార్జ్ కూలూరిస్ ఎడ్‌ను సవరించి ‘ఎమ్’ అనే ఎడిటర్ చేశాడు. మానవమాత్రుల కోసం చేసిన ఎడిటర్ అని దాని పేరుకు అర్థం, ఎడ్ మీద చెణుకు. ఆయన 1976లో బర్క్‌లీ వెళ్లినప్పుడు దాన్ని చూసినవారిలో బిల్ జాయ్ అనే విద్యార్థి ఉన్నాడు. అక్కడి నుంచి ఈఎక్స్ అనే ఎడిటర్, దానిలో తెర నిండా ఫైలు చూపే విజువల్ పద్ధతి పుట్టాయి. ‘విజువల్’ అన్న మాటలోని మొదటి రెండు అక్షరాలే వీఐ.

వీఐ ఎందుకంత వింతగా ఉంటుందో తెలియాలంటే జాయ్ బల్ల మీది సామాను చూడాలి. ఆయన వాడినది లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ టెర్మినల్. దానికి విడిగా బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు అచ్చువేసి ఉండేవి, కాబట్టి వీఐలో ఎడమకు, కిందికి, పైకి, కుడికి కదలడానికి అవే మీటలయ్యాయి. ఇవాళ ట్యాబ్ ఉన్న చోట దానిలో ఎస్కేప్ ఉండేది, అందుకే మాటిమాటికీ ఎస్కేప్ నొక్కడం ఆయనకు కష్టంగా తోచలేదు. ఇంటి నుంచి పని చేస్తే మోడెం వేగం 300 బాడ్, అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. 80 అక్షరాల వరుసలు 24 ఉన్న తెర మొత్తం నిండాలంటే నిమిషం దాటుతుంది. అంత నత్తనడక లైను మీద ఒకటి రెండు మీటలతో పెద్ద పని జరగాలి, తెరను ఊరికే తిరగ గీయకూడదు. వీఐ ఆజ్ఞలు ఒంటి అక్షరాలుగా ఉండటానికి కారణం ఇదే.

దీనిలో మీటలకు రెండు అవతారాలు. ఒక పద్ధతిలో డి కొడితే డి అక్షరం పడుతుంది, ఎస్కేప్ నొక్కితే చేరే ఇంకో పద్ధతిలో అదే డి ‘తీసెయ్’ అనే ఆజ్ఞ. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. బయటికి రావడం తెలియక తెర ముందు బిక్కమొహం వేసినవాళ్లు ఎందరో. వీఐ సంతతిలోని విమ్ నుంచి బయటపడటం ఎలాగని ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగిన ప్రశ్నను 2017 నాటికి 10 లక్షల సార్లు తెరిచి చూశారు. ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ కొట్టి ఎంటర్ నొక్కడమే జవాబు. సేవ్ చేసి రావాలంటే క్యూ ముందు డబ్ల్యూ చేర్చాలి.

ఆ తడబాటు దాటినవాళ్లకు దొరికేది ఒక వ్యాకరణం. డి అంటే తీసెయ్, డబ్ల్యూ అంటే మాట, డి డబ్ల్యూ అంటే మాట తీసెయ్. మధ్యలో 3 చేరిస్తే మూడు మాటలు పోతాయి. క్రియలు కొన్ని, నామవాచకాలు కొన్ని నేర్చుకుంటే వాటి కూర్పులు వాటంతటవే వస్తాయి. ఇక్కడ క్రియ ముందు, కర్మ తర్వాత వస్తాయి, ఇంగ్లిషు వాక్యంలాగే. కాకౌన్, హీలిక్స్ అనే ఇటీవలి ఎడిటర్లు దీన్ని తిరగేశాయి. వాటిలో ముందు మాటను పట్టుకుంటాం, ఏం పట్టుబడిందో తెర మీద చూస్తాం, తర్వాత తీసెయ్ అంటాం. కర్మ ముందు, క్రియ చివర అన్నమాట. తెలుగువాళ్లకు ఈ వరుసే సహజంగా ఉండాలని వాదించవచ్చు గానీ, చేయి ఒకసారి ఒక వరుసకు అలవాటు పడితే మాతృభాష మాట వినదు.

వీఐ బాణీలో బ్రామ్ మూలెనార్ అమీగా కంప్యూటర్ మీద చేసిన విమ్ 1991లో బయటికొచ్చింది. ఆయన దాన్ని ఉచితంగా పంచి, నచ్చినవాళ్లు ఉగాండాలోని అనాథ పిల్లల కోసం విరాళమివ్వమని కోరాడు. ప్రోగ్రాం తెరవగానే ఆ విన్నపం కనబడేది. 2023 ఆగస్టులో ఆయన మరణించాడు. 2014లో విమ్ నుంచి చీలిన నియోవిమ్ లువా భాషలో సెట్టింగులు రాసుకునే వీలిచ్చి యువతను ఆకట్టుకుంది.

ఈమాక్స్

కూలూరిస్ బర్క్‌లీ వెళ్లిన 1976లోనే ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరులు టీకో అనే పాత ఎడిటర్‌కు రాసుకున్న మ్యాక్రోలను ఒక చోట చేర్చి ఈమాక్స్‌ను తయారుచేశారు. నేడు వాడే గ్నూ ఈమాక్స్‌ను స్టాల్‌మన్ 1985లో విడుదల చేశాడు. వీఐ ఒక పదునైన పనిముట్టయితే ఇది పనిముట్లు చేసుకునే కొలిమి. ఎడిటర్‌లో ఎక్కువ భాగం ఈమాక్స్ లిస్ప్ అనే భాషలో ఉంటుంది, ఆ భాగాన్ని ఎడిటర్ నడుస్తుండగానే తెరిచి మార్చుకోవచ్చు. మెయిలు చదవడం, క్యాలెండరు, లెక్కలు, ఆటలు అన్నీ అందులో చేరాయి. కార్స్టెన్ డొమినిక్ 2003లో మొదలుపెట్టిన ఆర్గ్ మోడ్ అనే నోట్సు పద్ధతి కోసమే ఈమాక్స్‌లో చేరినవాళ్లున్నారు.

దీనికి వీఐలా రెండు అవతారాలు లేవు. ఆజ్ఞలన్నీ కంట్రోల్, మెటా మీటల జోడింపులు. సేవ్ చేయడానికి కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ ఎస్. ఆనాటి ఎంఐటీ వాళ్ల స్పేస్ కేడెట్ కీబోర్డులో కంట్రోల్ స్పేస్‌బార్ పక్కనే ఉండేది, బొటనవేలికి అందేది. తర్వాతి కీబోర్డులు దాన్ని మూలకు నెట్టాయి, భారం చిటికెనవేలి మీద పడింది. ఈమాక్స్ వాడేవాళ్ల వేలి నొప్పికి ఒక పేరే స్థిరపడింది. దశాబ్దాల పాటు సాగిన వీఐ, ఈమాక్స్ తగవులో సగం హాస్యం, ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆ తగవు మాటున పెద్దగా చర్చకు రాని గొప్పదనం ఒకటి ఈమాక్స్‌కు ఉంది. పుణేలో పుట్టి పద్నాలుగో ఏట చూపు కోల్పోయిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు టి.వి. రామన్ 1995లో ఈమాక్‌స్పీక్‌ను విడుదల చేశాడు. మామూలు స్క్రీన్ రీడరు తెర మీద ఉన్న అక్షరాలను చదువుతుంది. ఈమాక్‌స్పీక్ ఎడిటర్ లోపలే ఉంటుంది కాబట్టి ఏది వ్యాఖ్య, ఏది కీవర్డ్, ఏది స్ట్రింగో దానికి తెలుసు, గొంతు మార్చి చదువుతుంది. రంగులు కంటికి చేసే పనిని అది చెవికి చేస్తుంది. ఎడిటర్‌ను వాడేవాడే విప్పి మార్చుకోగలిగినందువల్లే ఇది వీలైంది.

నీలి తెర

తెలుగునాట ఇంజనీరింగ్, డిగ్రీ చదివిన ఎందరికో మొదటి ఎడిటర్ వీఐ కాదు, ఈమాక్స్ కాదు. బోర్లాండ్ కంపెనీ టర్బో సీ. నీలి తెర మీద పసుపు అక్షరాలు, ఎఫ్2తో సేవ్, కంట్రోల్ ఎఫ్9తో రన్. తెర చటుక్కున మెరిసి మాయమైతే ఆల్ట్ ఎఫ్5 నొక్కి అవుట్‌పుట్ చూసుకోవాలి. ఎడిటర్, కంపైలర్ ఒకే కప్పు కింద ఉండటం 1983లో టర్బో పాస్కల్‌తో జనానికి అందుబాటులోకి వచ్చింది, టర్బో సీ 1987లో వచ్చింది. బ్లాకు పట్టుకునే, కాపీ చేసే మీటలు వర్డ్‌స్టార్‌వి. 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రాములను నడపనని మొరాయించాక కూడా డాస్‌బాక్స్ పెట్టుకుని మరీ దాన్నే నేర్పిన కాలేజీలున్నాయి. చరిత్ర మీద గౌరవమైతే సంతోషమే. అసలు కారణం మాత్రం ల్యాబ్ మాన్యువల్‌ను ఎవరూ తిరగరాయకపోవడం. దాని కంపైలరుకు 1999 నాటి సీ ప్రమాణమైనా తెలియదు, అందులో పూర్ణాంకం 16 బిట్లే కాబట్టి 32,767 దాటగానే లెక్క రుణ సంఖ్యల్లోకి జారిపోతుంది.

టర్బో పాస్కల్ కంపైలరు రాసిన ఆండర్స్ హెజల్స్‌బర్గ్ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో టైప్‌స్క్రిప్ట్ భాషను రూపొందించాడు. నేడు ఎక్కువమంది ప్రోగ్రామర్లు వాడే వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌ను రాసింది ఆ భాషలోనే.

బ్రౌజర్ కడుపున పుట్టినవి

2008లో జాన్ స్కిన్నర్ విడుదల చేసిన సబ్లైమ్ టెక్స్ట్ అనేక కర్సర్లతో ఒకేసారి దిద్దడాన్ని, పేరులో రెండు మూడక్షరాలు కొట్టి ఏ ఫైలుకైనా గెంతడాన్ని మామూలు విషయం చేసింది. 2014లో గిట్‌హబ్ తెచ్చిన ఆటమ్ ఇంకో దారి తొక్కింది. క్రోమియం బ్రౌజరునే ఎడిటర్ చట్రంగా వాడుకుంది. ఆ చట్రమే ఎలక్ట్రాన్. వెబ్ పేజీ చేయడం వచ్చినవాళ్లెవరైనా ఎక్స్‌టెన్షన్ రాయగలిగారు, బదులుగా ఎడిటర్ తెరిస్తే ఒక బ్రౌజరు తెరిచినంత ర్యామ్ పోయేది.

2015లో మైక్రోసాఫ్ట్ అదే ఎలక్ట్రాన్ మీద వీఎస్ కోడ్‌ను ప్రకటించింది. జ్యూరిక్‌లో ఎరిక్ గామా నడిపిన బృందం పని అది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ అయిన మరుసటి ఏడాది ఇది వచ్చింది, 2018లో గిట్‌హబ్ కూడా మైక్రోసాఫ్ట్ చేతికి చిక్కింది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలెందుకనుకున్నారేమో, 2022 డిసెంబరులో ఆటమ్‌ను మూసేశారు. దాన్ని రూపొందించినవారిలో కొందరు రస్ట్ భాషలో జెడ్ అనే వేగవంతమైన ఎడిటర్‌ను తయారుచేశారు. 2024 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో దాదాపు 74 శాతం మంది వీఎస్ కోడ్ వాడుతున్నామన్నారు.

ఎలక్ట్రాన్ బరువైనదే. అయినా వేగమంతా భాషలో ఉండదు, ఫైలును మెమరీలో ఎలా పేర్చారన్నదీ ముఖ్యమే. మొదట్లో వీఎస్ కోడ్ ప్రతి వరుసకూ మెమరీలో ఒక విడి వస్తువును కట్టేది. ఒకరు 35 ఎంబీ ఫైలు తెరవబోతే మెమరీ చాలక కూలింది. ఫైలు పెద్దదేం కాదు, కానీ అందులో 1.37 కోట్ల వరుసలున్నాయి. వస్తువుకు 40 నుంచి 60 బైట్ల చొప్పున లెక్కేస్తే సుమారు 600 ఎంబీ, అసలుకు పదిహేడు రెట్లకు పైగా వడ్డీ. 2018లో పీస్ టేబుల్ అనే పాత ఆలోచనను ట్రీగా మలిచి దాన్ని సరిచేశారు. ఇది ప్రూఫులు దిద్దే పద్ధతిని పోలి ఉంటుంది. అచ్చయిన కాగితాన్ని ముట్టుకోరు. కొత్త మాటలన్నీ ఇంకో కాగితం మీద రాసి, మొదటి కాగితంలో ఇక్కడి దాకా చదివి, రెండోదానిలో ఈ ముక్క చదివి, మళ్లీ మొదటిదానికి రమ్మని ఒక పట్టీ రాసుకుంటారు. ఈమాక్స్‌ది వేరే ఎత్తు. దిద్దుతున్న చోట మెమరీలో కొంత ఖాళీ జాగా అట్టే పెట్టి, దిద్దే చోటు మారినప్పుడల్లా ఆ ఖాళీని అక్కడికి జరుపుకుంటూ పోతుంది.

తెలివి బయటికి వెళ్లిన ఏడాది

ఫంక్షన్ పేరు మీద నొక్కితే అది రాసిన చోటికి వెళ్లడం, పేరు మారిస్తే ప్రాజెక్టంతా మారడం, తప్పు కింద ఎర్ర గీత పడటం ఒకప్పుడు ఎక్లిప్స్, ఇంటెల్లిజే, విజువల్ స్టూడియో వంటి ఐడీఈల, అంటే ప్రోగ్రామింగు పనిముట్లన్నీ ఒకే చోట కలిపిన సాఫ్ట్‌వేర్ల సొత్తు. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషనూ విడివిడిగా నేర్పాల్సి వచ్చేది. పది ఎడిటర్లు, ఇరవై భాషలుంటే 200 పనులు. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్‌ను ప్రకటించాయి. భాష తెలిసిన ప్రోగ్రాం విడిగా నడుస్తుంది, ఎడిటర్ దానితో ఒక నిర్ణీత పద్ధతిలో ప్రశ్నలు, జవాబులు నడుపుతుంది. 200 పనులు 30 అయ్యాయి. పైథాన్ కోసం వీఎస్ కోడ్‌కు సలహాలిచ్చే తరహా సర్వరే నియోవిమ్‌కూ ఈమాక్స్‌కూ ఇస్తుంది. నలభై ఏళ్ల నాటి ఎడిటర్లు ఒక్కసారిగా పడుచువయ్యాయి.

ఎంచుకునేటప్పుడు

జావాలో పెద్ద ప్రాజెక్టు, ఆండ్రాయిడ్ యాప్ అయితే తర్జనభర్జన అక్కర్లేదు. ఇంటెల్లిజే, దాని మీదే కట్టిన ఆండ్రాయిడ్ స్టూడియో ఇప్పటికీ ముందున్నాయి. మిగతా భాషల్లో కొత్తగా మొదలుపెట్టేవారికి వీఎస్ కోడ్ చాలు, ఎందుకంటే ఇరుక్కుపోతే పక్కనున్నవాళ్లకు తెలిసింది అదే. ర్యామ్ 4 జీబీ ఉన్న పాత లాప్‌టాప్ అయితే విండోస్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, లినక్స్‌లో గీనీ, కేట్ హాయిగా నడుస్తాయి. సబ్లైమ్ ధర 99 డాలర్లు, కొనకుండానూ ఎన్నాళ్లయినా చూడనిస్తుంది.

కొత్త ఉద్యోగి మొదటి నెలల్లోనే ఎదుర్కొనే పరీక్ష వేరు. అర్ధరాత్రి సపోర్ట్ డ్యూటీలో, క్లయింటు సర్వరులోకి నల్ల తెరతో లాగిన్ అయ్యాక, అక్కడ ఒక సెట్టింగుల ఫైలులో ఒక్క అంకె మార్చాలి. మౌసు పని చేయదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. దాదాపు ప్రతి యూనిక్స్ యంత్రంలోనూ ఉండేది వీఐ. యూనిక్స్ తరహా వ్యవస్థలకు రాసిన పోసిక్స్ ప్రమాణంలో దానికి చోటుంది. రోజూ ఏది వాడినా సరే, వీఐలో ఫైలు తెరవడం, ఒక మాట మార్చడం, సేవ్ చేసి రావడం నేర్చుకోని ప్రోగ్రామరు ఎప్పుడో ఒకప్పుడు చిక్కుకుంటాడు. విమ్‌ట్యూటర్ అనే పాఠం విమ్‌తోనే వస్తుంది, అరగంట పని.

విండోస్‌లో రాసి లినక్స్‌లో నడిపేవారు వరుస చివరి గుర్తులను కనిపెట్టుకోవాలి. విండోస్ ప్రతి వరుస చివరా రెండు అక్షరాలు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. ఆ అదనపు అక్షరం వల్ల షెల్ స్క్రిప్టు అక్కడ నడవనంటుంది. నోట్‌ప్యాడ్ అయితే 2018 దాకా లినక్స్ ఫైలును ఒకే పొడవాటి వరుసగా చూపించేది. ట్యాబులు, స్పేసులు కలగలిపితే పైథాన్ అలుగుతుంది, మేక్‌ఫైలుకు ట్యాబే కావాలి. ఈ నియమాలను ప్రాజెక్టులోనే రాసిపెట్టే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలును చాలా ఎడిటర్లు అర్థం చేసుకుంటాయి, బృందంలో ఎవరి ఎడిటర్ వారు వాడుకోవచ్చు.

ఎక్స్‌టెన్షన్ల విషయంలో మాత్రం చేయి కట్టేసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ అంటే మన పేరు మీద మన ఫైళ్లన్నీ చదవగల ప్రోగ్రాం. ఎవరు చేశారో చూడకుండా ఇరవై ముప్పై ఎక్కించుకోవడం ఇంటి తాళాలు ఇరవైమందికి పంచినట్టే. అపరిచిత ఫోల్డరు తెరిచినప్పుడు దీన్ని నమ్ముతారా అని వీఎస్ కోడ్ 2021 నుంచి అడుగుతోంది, ఆ ప్రశ్నను చదవకుండా అవునని నొక్కడం అలవాటైపోయింది. కోడ్ సూచించే కృత్రిమ మేధ సాధనాలు కూడా చాలావరకు ఎక్స్‌టెన్షన్లుగానే వచ్చాయి. కర్సర్ అనే ఎడిటర్ వంటివి ఏకంగా వీఎస్ కోడ్ బహిరంగ మూలాన్ని తీసుకుని వేరు కాపురం పెట్టాయి. అలాంటివాటికి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల అంగడిలో అనుమతి లేదు, ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ వంటి అంగళ్ల మీద ఆధారపడాలి.

ఎడిటర్‌లో తెలుగు

ఎడిటర్లు పుట్టింది ప్రతి అక్షరమూ ఒకే వెడల్పుండే గళ్ల కాగితం మీద. తెలుగు ఆ గళ్లలో ఇమడదు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి 18 బైట్లు. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే చాలా ఎడిటర్లలో అక్షరం పోదు, గుడిదీర్ఘం మాత్రం పోయి ‘స్త్ర’ మిగులుతుంది. దిద్దుబాటుకు ఇదే మేలు. బాణం మీట నొక్కినప్పుడు కర్సర్ ఎక్కడ ఆగాలన్నది వేరే తగవు. సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించే నియమం 2023 నాటి యూనికోడ్ 15.1లో తెలుగుకూ వచ్చింది గానీ, ఎడిటర్లన్నీ దాన్ని ఒకేలా పాటించవు. టెర్మినల్‌లో నడిచే విమ్‌లో ఒత్తులు ఎలా కనబడతాయన్నది టెర్మినల్ దయ. ఈమాక్స్ 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్‌తో లిపిని కూరుస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు దానిలోనే ఉంది. వీఎస్ కోడ్ బ్రౌజరు మీద నడుస్తుంది కాబట్టి ఒత్తులు కుదురుగానే వస్తాయి.

పైథాన్ 3లో వేరియబుల్‌కు ‘మొత్తం’ అని తెలుగులోనే పేరు పెట్టవచ్చు, నడుస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని పెడితే నడవకపోవచ్చు. ట పొల్లుకూ వ-కూ మధ్య అవి కలిసిపోకుండా మనం పెట్టే కనబడని అక్షరాన్ని పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. తెర మీద ఏ లోపమూ కనబడదు, దోషం మాత్రం అక్కడే ఉందంటుంది. వీఎస్ కోడ్ 2021లో తెచ్చిన సదుపాయం అలాంటి కనబడని అక్షరాల చుట్టూ పెట్టె గీసి చూపుతుంది. తెలుగు ఫైళ్లతో పని ఉన్నవారు కొత్త ఎడిటర్‌లో ముందుగా ‘స్త్రీ’, ‘సాఫ్ట్‌వేర్’ అన్న రెండు మాటలు కొట్టి, బాణం మీటతో అటూ ఇటూ నడిపి, బ్యాక్‌స్పేస్ నొక్కి చూస్తే అయిదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది.